వేడి గాలి వస్తోందా?

మా నాన్న కారులో డ్రైవరు పక్క సీటు నాది. ఒక్కతే కూతుర్ని కాబట్టి దానికి పోటీ వచ్చినవాళ్లు లేరు, మా ఆయన వచ్చేదాకా.

కొవ్వూరులో మా నాన్న లెక్కల మాస్టారు. కారు రేడియేటర్లో ఇంజన్ని చల్లబరిచే పాత కూలెంట్ తీసేసి, లోపల నీళ్లతో కడిగి, కొత్తది పొయ్యాలంటే వేసవి సెలవులు రావాల్సిందే. మెకానిక్‌ని చెయ్యి వెయ్యనిచ్చేవారు కాదు. నన్ను స్పానరు ముట్టుకోనిచ్చేవారూ కాదు, ఆడపిల్లవి, చేతులు మసైపోతాయి అనేవారు. కానీ ఒక పని మాత్రం నాది. కూలెంట్ పోశాక ఇంజను ఆన్ చేసి, హీటరు పూర్తిగా తిప్పి, నన్ను సీట్లో కూర్చోబెట్టేవారు. మే నెలలో గోదావరి జిల్లాలో హీటరేంటని నవ్వుకోవచ్చు. మామూలు రోజుల్లో ఆ బటన్ జోలికి మేమూ వెళ్లం. కాకపోతే గొట్టాల్లో గాలి చిక్కుకుంటే కూలెంట్ సరిగ్గా తిరగదు, హీటర్లోంచి చల్లగాలే వస్తుంది. వేడి గాలి వస్తే లోపలంతా నిండినట్టు. "వేడి గాలి వస్తోందా?" అని బానెట్ వెనకనుంచి నాన్న అరిచేవారు. డాష్‌బోర్డు దగ్గర చెయ్యి పెట్టుకుని, చెమటలు కక్కుతూ, నేను జవాబు చెప్పేదాన్ని. నేను చెప్పనిదే ఆ కారు కదలదని నా గట్టి నమ్మకం.

మొన్న వేసవిలో నాన్న చూపు మందగించి డ్రైవింగ్ మానేశారు. కారు మీరే తీసుకెళ్లండి, ఇచ్చేముందు కూలెంట్ మార్చి ఇస్తాను అన్నారు. మేముండే సామర్లకోట నుంచి రైల్లో వెళ్లాం. మర్నాడు పొద్దున్నే నేను పాత చుడీదార్ వేసుకుని, జుట్టు ముడేసుకుని వాకిట్లోకి వచ్చాను.

"అల్లుడు గారూ, ఇలా రండి," అన్నారు నాన్న.

స్పానరు తువ్వాలుతో తుడిచి మరీ మా ఆయన చేతికిచ్చారు. మా ఆయనకి సైకిలు చెయిన్ పడిపోతే పెట్టుకోవడం రాదు. కింద బిరడా తిప్పమంటే "అలాగేనండి" అంటారు, అటు కాదు ఇటు అంటే దానికీ "అలాగేనండి" అంటారు. ఆ వినయానికే మా నాన్న మురిసిపోతున్నారు. తుప్పురంగు నీళ్లు టబ్బులో పడుతుంటే ఇద్దరూ వంగి చూసి తలలూపుకున్నారు. నేను అరుగు మీద నిలబడి రెండు సలహాలిచ్చాను. ఒక్కటీ ఎవరి చెవినా పడలేదు. పైగా అమ్మ నా చేతిలో మజ్జిగ గ్లాసులు పెట్టి వాళ్లకిచ్చి రమ్మంది. ఇచ్చాను, విసురుగానే.

నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగారు, కొత్త కూలెంట్ పోశారు, ఇంజను ఆన్ చేశారు. అప్పుడన్నారు మా నాన్న, "అల్లుడు గారూ, మీరా సీట్లో కూర్చోండి. వేడి గాలి వస్తే చెప్పండి."

స్పానరు పోతే పోయింది. ఆ సీటు కూడా ఇచ్చేస్తారా? నాకు ఏడుపొచ్చింది, సిగ్గు లేకుండా చెబుతున్నాను.

మా ఆయన కాసేపు కూర్చున్నారు. చొక్కా తడిసిపోయింది. ఉండలేక, "వస్తోందండి," అనేశారు. నాన్న హీటరు గొట్టం పట్టుకుని చూశారు. ఆయన మొహం చూస్తే నాకు తెలిసిపోయింది, అది చల్లగానే ఉంది. కానీ అల్లుడి మాట తప్పని ఏ మావగారంటారు? "చాలా బాగా చేశారండి. కాళ్లు కడుక్కోండి, భోజనానికి కూర్చుందురుగాని," అన్నారు.

మా ఆయన గుమ్మం దాటారో లేదో, నాన్న నా మీద పడ్డారు. "అక్కడ స్తంభంలా నిలబడి ఏం చూస్తున్నావ్? వచ్చి చూడొద్దూ? బుర్ర సామర్లకోటలో పెట్టి వచ్చావా?"

"నన్ను పిలిచావా నువ్వు?" అన్నాను.

"నీ సీట్లో నువ్వు కూర్చోడానికి బొట్టు పెట్టి పిలవాలా? కూర్చో."

కూర్చున్నాను. నాన్న బుడగలు పోయేదాకా చూస్తూ, కూలెంట్ కొంచెం కొంచెంగా పోస్తున్నారు.

"వేడి గాలి వస్తోందా?"

"లేదు."

"సరిగ్గా చూసి ఏడు."

"చూసే చెప్తున్నా, రావట్లేదు."

చాలాసేపటికి వేళ్లకి సుర్రుమంది. "వచ్చింది," అన్నాను. తలెత్తి చూస్తే మా ఆయన తడి చేతులతో గుమ్మంలో నిలబడి మమ్మల్నే చూస్తున్నారు.

సాయంత్రం బయల్దేరేటప్పుడు తాళం అల్లుడు గారి చేతికే ఇచ్చారు, రెండు చేతులతో. గోదావరి బ్రిడ్జి ఎక్కి సగం దూరం వచ్చాక, మా ఆయన కళ్లు రోడ్డు మీదే పెట్టుకుని, "పెళ్లయి ఇన్నేళ్లయింది. మీ నాన్నగారు నన్ను ఒక్కసారైనా అలా తిట్టలేదు," అన్నారు.

ఆ గొంతులో ఉన్నదేంటో నాకు బాగా తెలుసు. పొద్దుట్నుంచీ నా కడుపులో మండింది అదే. ఓదార్చి ఉండొచ్చు.

"మిమ్మల్నెలా తిడతారండీ, మీరు అల్లుడు గారు కదా," అన్నాను, నా సీట్లో కాళ్లు చాపుకుని.