కొసలు కొయ్యని ఆకు

విజయనగరంలో మా కాలనీ పార్కు గడ్డిని మిషనుతో కోసే రోజున ఆ పచ్చి వాసన మూడో అంతస్తు దాకా ఎక్కి వచ్చిందంటే, ఇంక నాకు ఏ పనీ సాగదు. గజపతినగరం అవతల మా ఊళ్ళో, గట్టు మీద కొడవలి పట్టుకుని కూర్చున్న పదకొండేళ్ళ గుంటనైపోతాను.

వరినారును మావైపు ఆకు అనే అంటారు. ఆ ఏడు వానలు ఆలస్యమై ఆకు మడిలోనే మోకాలెత్తు ముదిరిపోయింది. మళ్ళీ నారు పోద్దామంటే ఇంట్లో విత్తనం గింజ లేదు, ఆ ఆకు బతికితేనే మాకు ఏడాది బియ్యం. చివరికి చెరువులోకి నీళ్ళొచ్చి నాట్లు మొదలయ్యాయి. ఆడవాళ్ళు పొద్దున్నే చద్దన్నంలో ఎండు నెత్తళ్ళు నంజుకుని మడిలోకి దిగి, ఆకు పీకి, వేళ్ళ బురద నీళ్ళలో జాడించి, కట్టలు కట్టి గట్టుకు విసిరేవారు. నాన్నను కన్న మా మామ్మా నేనూ ఆ కట్టల కొసలు నాలుగు వేళ్ళ మేర కోసి పక్కన పేర్చాలి.

నాకేమో ఆరో తరగతి చదువు తలకెక్కింది. ఆకే మొక్కకు వంటిల్లు, ఎండతో అన్నం వండుకుంటుందని మాస్టారు చెప్పారు కదా, ఈ ముసలిది వంటిళ్ళు కూలగొడుతోందని కడుపు రగిలి, మామ్మ అటు తిరిగినప్పుడల్లా ఒక్కో కట్టను కొయ్యకుండానే కోసినవాటి కింద తోసేశాను. ఎంత ఘనకార్యం చేశాననుకున్నానో!

నాట్లయిన నాలుగో నాటికి పడమటి గాలీ ఎండా కలిసి చేలను మాడ్చేశాయి. కోసిన ఆకు వాడి వాడి మళ్ళీ నిలదొక్కుకుంది. గట్టు వారన నేను కాపాడిన ఆకు మాత్రం ఎండి పడుకుంది. మామ్మ ఒక మొక్కను పైకి తీసి, తెగని కొసను చూసి, నా ముఖం చూసింది. నేను ఏడుస్తూ మాస్టారి పాఠం అప్పజెప్పాను.

“పీకినప్పుడు యేళ్ళు తెగిపోనాయి గదే గుంటా. తాగనేనిదానికి సెమట పట్టించేసినావు,” అంది మెల్లగా. ఆకుకు చెమట పడుతుందని, తెగిన వేరు మళ్ళీ నీళ్ళందించేదాకా ఆ చెమటను తగ్గించాలని నాకు అప్పటిదాకా తెలీదు.

సాయంత్రం నాన్న వచ్చి, కొసలు కొయ్యనిది ఎవరని కేకలేశాడు.

“నానే మరిసిపోనాన్రా,” అంది మామ్మ.

చూపు ఆనని మనిషికి పని అప్పజెప్పడం తనదే బుద్ధితక్కువని నాన్న కూలీలందరి ముందూ అన్నాడు. మరుసటి ఏడు నుంచి ఆమెను ఆకుమడి దగ్గరకు రానివ్వలేదు. నాట్ల రోజుల్లో ఆవిడ వాకిట్లో కూర్చుని, పొలం నుంచి వచ్చినవాళ్ళనల్లా ఆకు ఎలా ఉందని అడిగేది. పక్కనే ఉండి కూడా నేను నోరు విప్పలేదు.

ఇప్పుడు మావైపు చాలామంది విత్తనాలు నేరుగా పొలంలోనే చల్లేస్తున్నారు. ఆకు పీకేదీ లేదు, కొసలు కోసేదీ లేదు. మామ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడే మరిచిపోయిందన్న నమ్మకంతోనే పోయినేడు నాన్న కూడా వెళ్ళిపోయాడు.