గేటు దగ్గర ఆగమన్న సరంగు

బాంబులు పడుతున్నాయి, రూమ్ వదిలి పరుగెత్తాలి. ఏం పట్టుకుని పరుగెత్తుతావు? శుక్రవారం ప్రార్థన కూడికలో ఈ ప్రశ్న నేను చాలాసార్లు అడిగాను. గల్ఫులో బతికే మన జవాబు ఎప్పుడూ ఒకటే: పాస్‌పోర్టు. అది వినబడగానే వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. ఆయన మొన్న శనివారం తెల్లవారుతుండగా మస్కట్‌లో ఒక ఆసుపత్రిలో కన్నుమూశాడు. డ్యూటీకి బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటుంటే నాకు కబురొచ్చింది. ఒక చెప్పు వేసుకుని అలాగే మెట్ల మీద కూర్చుండిపోయాను.

అందరం ఆయన్ని సరంగు అనేవాళ్ళం. కాకినాడ తీరంలో పడవ నడిపేవాణ్ణి అలాగే పిలుస్తారు. ఇక్కడ మాత్రం బర్కాలో ఒక ఖర్జూరపు తోటలో నీళ్ళ మోటార్లు చూసుకునేవాడు. సముద్రం అక్కడికి నడిచి వెళ్ళేంత దగ్గర. ఒక్కనాడూ అటు వెళ్ళలేదు.

ఆయన మన విశ్వాసి కాదు. బిర్యానీ కోసమే వస్తానని బాహాటంగా చెప్పేవాడు. నేను ఏ బైబిలు కాలేజీ గడపా తొక్కలేదు. మస్కట్‌లోని ఘుబ్రాలో ఫ్లాట్లకు కుళాయిలు బాగుచేస్తూ, సంచిలో పానాల పక్కన లేఖనం పెట్టుకుని నేర్చుకున్నవాణ్ణి. గొంతు మాత్రం పెద్దది. ఒకసారి రెండు గంటలు దాటాక వెనకనుంచి వినబడింది: "పాస్టరు గారూ, పోటు బాగానే వచ్చిందండి. ఆటు ఎప్పుడో చెప్తే గిన్నె మూత తీస్తాం." అందరూ నవ్వారు. నాకు కోపం వచ్చింది గాని నేనూ నవ్వాను.

ఒక అలవాటు మాత్రం నాకు చాలాకాలం అర్థం కాలేదు. ఆయన ఎవరినీ ఆగమనేవాడు కాదు. బస్సు కళ్ళముందే కదిలిపోతున్నా కేక వెయ్యడు, పోనిస్తాడు. తోటలో కుర్చీ జరుపుకుంటూ, "నువ్వు పద, నేను కలుస్తాను" అంటాడు. నేనే "ఆగు బాబాయ్, వస్తున్నా" అంటే ముఖం పక్కకు తిప్పుకునేవాడు.

పోయినేడు ఒక శుక్రవారం, దేవుడి మాట తప్పించుకోవడానికి ఓడెక్కి పారిపోయిన ప్రవక్త గురించి చెప్పాను. అతని మూలంగా తుఫాను రేగింది, అందరి ప్రాణాల మీదికీ వచ్చింది, చివరికి అతన్ని సముద్రంలోకి విసిరేశారు. కూడిక అయ్యాక ఇద్దరం గిన్నెలు కడుగుతున్నాం. సరంగు మెల్లగా అన్నాడు: "ఆయన్ని తోసేశారు గనక తేలికైపోయిందయ్యా. నన్నెవరూ తొయ్యలేదు." చేతులు తుడుచుకోకుండానే చెప్పడం మొదలుపెట్టాడు.

ఒమన్‌కు రాకముందు ఆయన యెమెన్‌లో ఏడెన్ రేవులో పడవ నడిపాడు. అక్కడ అంతర్యుద్ధం వచ్చింది. ఆ రేవు నాకంటే నాకని రెండు పక్షాలూ కొట్టుకున్నాయి. "రేవు ఎవడి చేతిలో ఉంటే ఊరి గొంతు వాడి చేతిలో ఉన్నట్టే. గొంతు పట్టుకోడానికే కొట్టుకున్నారు. దానికి ఆకలేస్తాదని ఎవడికీ పట్టలేదు" అన్నాడు. గోధుమల ఓడలు రావడం మానేశాయి. క్రేను మీద ఒకరోజు ఒక పక్షం తుపాకీ ఉండేది, మర్నాడు ఇంకో పక్షంది.

ఒక ఉదయం, మన నౌకాదళం ఓడ వచ్చిందని కబురు. గుండ్లు పడుతున్నాయి కాబట్టి అది బయటే నిలబడింది. మనుషుల్ని చిన్న పడవల్లో చేరవేయాలి. సరంగుతో పాటు రూమ్‌లో ముగ్గురు మన పనివాళ్ళున్నారు. వాళ్ళ పాస్‌పోర్టులన్నీ కంపెనీ ఆఫీసు సొరుగులో ఉన్నాయి. అక్కడే ఆయన తప్పటడుగు వేశాడు. కాగితం లేకుండా ఎక్కనివ్వరని, రేవు గేటు దగ్గర ఆగండి, తెస్తానని చెప్పి ఆఫీసుకు పరుగెత్తాడు. ఇద్దరు వినకుండా పడవ వైపు వెళ్ళిపోయారు. ఒక్కడే ఆగాడు. జగిత్యాల నుంచి వచ్చిన వెల్డరు. సరంగు అంటే వాడికి గురి.

సొరుగు పగలగొట్టి తిరిగొచ్చేసరికి గేటు మీద గుండు పడింది. వెల్డరు అక్కడే పోయాడు. సరంగు కళ్ళారా చూశాడు. మోసుకురావడానికి వీల్లేక వదిలి వచ్చాడు.

"ఓడ మీద పేరడిగారు, ఊరడిగారు, మంచినీళ్ళిచ్చారు" అన్నాడు. "కాగితం ఎవడూ అడగలేదయ్యా."

వెల్డరు భార్య ఫోన్ చేసినప్పుడు ఆయన నిజం చెప్పలేకపోయాడు. గాయపడ్డవాళ్ళని ఎవరో తీసుకెళ్ళారట, ఎక్కడో ఉండే ఉంటాడని చెప్పాడు. ఆమె నమ్మింది. పండగ పండగకీ ఆయనకు ఫోన్ చేసేది. బొట్టు పెట్టుకుని ఎదురుచూస్తూనే ఉంది.

నేను ఊరుకోలేదు. ఆ గిన్నెల దగ్గరే మండిపడి, ఇప్పుడే చెప్పమన్నాను. "ఫోన్‌లో చెప్పే మాటా అది? ఎదురుగా నిలబడి చెప్పాలి. సెలవు దొరకనీ" అన్నాడు. సెలవు దొరికేలోపు జబ్బు దొరికింది.

చివరికి ఆసుపత్రి మంచం మీంచి చెప్పాడు. నా ఫోనే స్పీకర్‌లో పెట్టి పట్టుకున్నాను.

"చెల్లెమ్మా, ఆయన ఆ రోజే పోయాడు. గేటు దగ్గర ఆగమన్నది నేనే. చూశాను కూడా."

అటువైపు కుక్కరు కూత వినబడింది. కూత ఆగాక ఆమె అడిగింది: "ఆ పూట ఏమన్న తిన్నడా అన్నా?"

"రొట్టె తిన్నాడమ్మా. టీ తాగాడు. నీ గురించే చెప్పాడు."

"మల్ల అబద్ధమాడుతున్నవ్."

"టీ తాగింది నిజం."

"పదేండ్ల సంది నీకు ఎరుకే. ఎరుకుండి నన్ను బొట్టు పెట్టుకోనిచ్చినవ్. ఒక్కసారన్న ఏడ్వనియ్యకపోతివి." ఫోన్ పెట్టేసింది.

ఆ తర్వాత ఆయన ఏమీ అడగలేదు. నేను వెళ్ళినప్పుడల్లా ఫోన్ ఉన్న నా జేబు వైపు చూసేవాడు, అంతే.

పోయిన శుక్రవారం బలిపీఠం దగ్గరి మాట చెబుతున్నాను. నీ మీద ఎవరికైనా విరోధం ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి, ముందు వెళ్ళి సమాధానపడి రమ్మన్న మాట. గొంతు చించుకుని చెబుతుంటే జేబులో ఫోన్ కదిలింది. తీయలేదు. అయ్యాక చూస్తే ఆమె వాయిస్ మెసేజి: "అయ్యా, కోపంల పెట్టేసిన. అన్నకు ఫోనియ్యుండ్రి. ఒక మాట చెప్పాలె." అప్పటికింకా మధ్యాహ్నమే. అలసటగా ఉంది. రేపు డ్యూటీ అయ్యాక వెళ్దాం, మంచం పక్కన కుదురుగా ప్రార్థన చేసి కలుపుదాం అనుకున్నాను. ఆ రేపు సంగతి మీకు మొదటే చెప్పాను.

ఆమెకు నేనే ఫోన్ చేసి, ఆయన పోయాడని చెప్పాను. క్షమాపణ అడిగాను. ఏం చెబుదామనుకున్నావమ్మా అంటే, "మీకు జెప్పి ఏం జేస్తనయ్యా. అది ఆయనకు జెప్పే మాట" అంది. మళ్ళీ తనే, "అన్న పెట్టె హైదరాబాద్ మీదికెల్లే వస్తదా?" అని అడిగింది.

హైదరాబాద్ ఎయిర్‌పోర్టుకు ఆమె వెళ్ళింది. పెట్టె తీసుకెళ్ళడానికి కాకినాడ నుంచి వచ్చిన సరంగు తమ్ముడు చెప్పాడు. కార్గో షెడ్డు దగ్గర పొద్దుటి నుంచీ నిలబడిందట, నుదుట బొట్టు లేదట. పెట్టెను అంబులెన్సులోకి ఎక్కిస్తుంటే దగ్గరికి వచ్చి, చెక్క మీద అరచెయ్యి ఆనించి, వంగి ఏదో చెప్పిందట. పక్కన ఇంజను నడుస్తోంది. ఎవరికీ వినబడలేదు.

చదివేవాళ్ళారా, మీరు కూడా ఎవరికో ఒక మాట బాకీ ఉన్నారు. ఎవరికో మీకు తెలుసు. సెలవు దొరకనక్కర్లేదు, మాటలు కుదురుకోనక్కర్లేదు. ఈ శుక్రవారం కూడికకు ఆలస్యమైనా నేనేమీ అనను. ముందు ఫోన్ చెయ్యండి, ఇవాళే, ఇప్పుడే. ప్రార్థన తర్వాత చేసుకుందాం.