నెలకోసారి సముద్రం

శంషాబాద్‌లో కొత్త ఎయిర్‌పోర్టు మొదలైన మరుసటి ఏడాది నాకు ఉద్యోగం వచ్చింది. షాద్‌నగర్‌లో డిగ్రీ ముగించి తొండుపల్లిలో ఇంటిపట్టునే ఉంటున్న నన్ను సముద్రపు నీళ్లు పరీక్షించే పనిలో పెట్టుకున్నారు.

"సముద్రం ఏడ, మనం ఏడ? జర సమజయ్యేటట్టు చెప్పు బిడ్డా," అన్నాడు మా బాపు.

కేంద్ర ప్రభుత్వ శాఖ ఒకటి, ఒక విశ్వవిద్యాలయం కలిసి నడుపుతున్న ప్రాజెక్టు అది. తూర్పు తీరంలో ఒకచోట, పడమటి తీరంలో ఒకచోట, ప్రతినెలా అదే చోట పడవ ఆపి నీళ్లు తీస్తారు. ఆ సీసాలు విమానంలో ఇక్కడికొస్తాయి. అందుకే ఎయిర్‌పోర్టుకు దగ్గరగా ఒక మేడ కిరాయికి తీసుకున్నారు. కింద టైర్ల దుకాణం, పైన మా ల్యాబు. ఆ నీళ్లలో కంటికి ఆనని నాచు మొక్కలుంటాయి. వాటిని మైక్రోస్కోపు కింద రకాలవారీగా లెక్కపెట్టి రాయడం నా పని.

మొదటిరోజు చుక్క నీటిలోకి చూసి నోరు తెరిచాను. గాజుల్లాంటివి, పడవల్లాంటివి, మెళ్లో వేసుకునే గొలుసుల్లాంటివి! ల్యాబు నడిపే మా మేడం కోస్తా మనిషి. నా వెనకే నిలబడి, "సముద్రంలో చేపలన్నీ చివరికి బతికేది వీటి మీదేనమ్మా," అన్నారు. ఆ రోజు టిఫిను డబ్బా తెరవడమే మరిచిపోయాను.

సీసాల పెట్టెలు తెచ్చుకోవడానికి కార్గో ఆఫీసుకు నేనే వెళ్లేదాన్ని. అక్కడ పనిచేసే అతను నన్ను చూడగానే నవ్వేవాడు.

"ఏందక్కా, ఇయ్యాల చేపలొచ్చినయా?"

"లేదన్నా, నీళ్లే."

"నీళ్లకు విమానమెందుకక్కా! మా బస్తీకి ట్యాంకరే వస్తలేదు."

ఇట్లా మూడేళ్లు గడిచాయి. నిధుల గడువు దగ్గరపడింది. ప్రాజెక్టు కొనసాగాలో, మూసెయ్యాలో తేల్చడానికి ముగ్గురు సభ్యుల బృందం వచ్చింది. పొద్దున్నే గదులు తుడవాలన్న హడావిడిలో నేను టిఫిను డబ్బా ఇంట్లోనే వదిలి వచ్చాను. బృందం లోపల కూర్చున్నాక బాపు ఆ డబ్బా పట్టుకుని వచ్చి, వరండాలో బల్ల మీద కూర్చున్నాడు.

"మూడేళ్లలో ఏం కనుక్కున్నారు?" అని అడిగారు పెద్ద అధికారి.

మేడం అబద్ధం చెప్పే మనిషి కాదు. "ఒక ఏడు ఈ మొక్కలు పెరిగాయి సార్, మరో ఏడు తగ్గాయి. అది నిజమైన మార్పో, మామూలుగా జరిగేదో చెప్పాలంటే ఇంకా చాలా ఏళ్లు చూడాలి," అన్నారు.

అధికారి ఫైలు మూసి, టీ తెమ్మన్నారు. ఇక మూసేస్తారనే అనుకున్నాను.

టీ విరామంలో ఆ అధికారి వరండాలోకి వచ్చి, బాపును చూసి ఎవరని అడిగారు. నేను చెప్పాను. "మీ అమ్మాయి చేసే పని మీకు అర్థమైందాండీ?" అన్నారాయన.

"ఎందుకు కాదు సారూ!" అన్నాడు బాపు. "మా బాయి గోడకు ఎండకాలమొస్తే నీళ్లకాడ గీత గీస్త. మా బాపు గీసిండు, ఇప్పుడు నేను గీస్తున్న. ఒక్క గీత చూస్తే ఏం ఎరుకైతది? అన్ని గీతలు చూస్తెనే నీళ్లు ఎటు పోతున్నయో తెలుస్తది."

"మరి ఆ గీతలకు మీకు ఎవరైనా డబ్బులిస్తున్నారా?" అని నవ్వారాయన.

"బాయి నాది గనుక నేను గీసుకుంటున్న. సముద్రం అందరిది గద సారూ. సర్కారే గీయాలె."

అధికారి మళ్లీ నవ్వారు. ఈసారి టీ గ్లాసు పక్కన పెట్టి, బాపు పక్కనే కూర్చుని బావి లోతెంతో, ఏ రాయి తగిలిందో అడిగి తెలుసుకున్నారు. లోపలి నుంచి పిలుపొచ్చే దాకా లేవలేదు.

బాపు మాట వల్లే నిధులొచ్చాయని నేననను. మేడం రాసిన నివేదిక బలమైనది. ఏమైతేనేం, రెండు నెలలకు ఉత్తరం వచ్చింది. ఇంకో ఐదేళ్లకు అనుమతి! ఈసారి మత్స్యశాఖ కూడా భాగస్వామిగా చేరింది. ఎప్పుడూ గొంతు పెంచని మేడం కుర్చీలోంచి లేచి కేక పెట్టారు. నేను జిలేబీలు తెచ్చి టైర్ల దుకాణం యజమానికీ ఇచ్చాను.

"పెండ్లి కుదిరిందా బిడ్డా?"

"కాదు కాకా, సముద్రానికి ఐదేండ్లిచ్చిన్రు!"

ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. రెండో జిలేబీ మాత్రం తీసుకున్నాడు.

ఆ మరుసటి నెల మేడం నన్ను తూర్పు తీరాన నీళ్లు తీసే పడవలో పంపారు. అంతవరకు నేను సముద్రాన్ని చుక్కల్లో తప్ప చూడలేదు. ఒడ్డు కనుమరుగు కాకముందే వాంతులు మొదలయ్యాయి. పడవ నడిపే పెద్దాయన నిమ్మకాయ కోసి నా చేతిలో పెట్టాడు.

"మా నీళ్లు చూసేది నువ్వేనా తల్లీ? ఏటి కనబడతాది అందులో?"

గాజులు, పడవలు, గొలుసులు అన్నీ చెప్పాను. ఆయన ఇంజను ఆపి మరీ విన్నాడు. తరువాత తాడు కట్టిన సీసాను నా చేతులతోనే లోపలికి దింపాను. పైకి లాగేటప్పుడు నీళ్లు ముఖం మీద చిందాయి. నాలుకతో పెదవులు తడుముకున్నాను.

"అబ్బో, గింత ఉప్పుంటదా!"

పడవలో అందరూ పగలబడి నవ్వారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.