మా చాచా, గొంతు మరిగిన గుడ్డెలుగు

మా చాచా పోయిండని ఫోన్ వచ్చినప్పుడు నేను షెడ్డు కడుగుతున్న. ఖమ్మం దవాఖానాల పొద్దుగాల ప్రాణం పోయిందట. గుండె. చాచీ ఫోన్ల ఏడ్వలె. "మీ చాచా లేడు బిడ్డా, జల్దీ రా" అని పెట్టేసింది. చీపురు చేతుల అట్లనే ఉన్నది, పైపు నీళ్లు పారుతనే ఉన్నయి. సిగ్గిడిచి చెప్తున్న, ముందు నాకు దుఃఖం రాలె, భయమైంది. ఇప్పపూలు రాలే కాలం ఇంక పది దినాలు కూడ లేదు, ఈ ఏడు ఆడోళ్ల ముందు అడివిల ఎవరు నడుస్తరు అని. ఆ భయం ఏందో చెప్పాలంటే నేను చేసిన తప్పు చెప్పాలె. ఆయన ఉన్నన్ని రోజులు దాన్ని ఎవ్వరికీ చెప్పనియ్యలె.

చాచా నాకు చుట్టం కాదు. వాళ్లది ఖమ్మంల రేకు పని చేసే ఇల్లు. పెట్టెలు, డబ్బాలు, గరాటలు తాతల నాటి నుంచి చేస్తరు. వయసుల ఉన్నప్పుడు ఫారెస్టు క్వార్టర్ల మీద రేకులు వెయ్యనీకి ఇటు వచ్చిండట, పని అయిపోయినా వాపస్ పోలె, వాచర్‌గ చేరిపోయిండు. పుట్టినప్పటి సంది రేకు చప్పుడు విన్న చెవులకు ఇక్కడ సుఖం దొరికింది అనేటోడు.

నేను చండ్రుగొండ దిక్కు తండా దాన్ని. డిగ్రీ అయినంక ఫారెస్టుల కాంట్రాక్టు నౌకరి అంటే సంతకం పెట్టిన. తల్లి లేని జంతువులను పెంచి మళ్ల అడివిల విడిచిపెట్టే పని అని షెడ్డు కాడికి పోయినంకనే సమజైంది. బల్లి మీద పడితే జ్వరం తెచ్చుకునే మనిషిని నేను. మొదటి రోజు చాచా నన్ను ఎగాదిగా చూసి, భయమైతదా అని అడిగిండు. నౌకరి పోతదేమోనని లేదన్న. "అయితే నువ్వు పనికి రావు బిడ్డా. ఇక్కడ భయపడేటోళ్లే కావాలె" అన్నడు. మస్తు భయమైతది చాచా, బల్లికి కూడ భయమే అని గబగబ చెప్పిన. నవ్వు ఆపుకోలేక ఆయనకు చాయ్ పొలమారింది. అప్పటి సంది నేను ఆయన మనిషిని.

ఆ ఏడు చలికాలంల ఒక తల్లి ఎలుగుబంటి, మా దిక్కు గుడ్డెలుగు అంటం, అడివి పందులకు పెట్టిన కరెంటు తీగ తగిలి సచ్చిపోయింది. పక్క పొదల రెండు పిల్లలు దొరికినయి. ఒకటి వారం తిరగకముందే పోయింది. రెండోది ఆడపిల్ల. తల్లి వీపు మీద తిరగాల్సిన పిల్ల, గోడ మూలకు ముడుచుకొని ముందటి కాలు నోట్లె పెట్టుకొని గుయ్ గుయ్ మని మూలుగుతుండె. ఆ చప్పుడు ఇంటికి పోయినా నా చెవుల్లనే ఉండేది.

చాచా లెక్క ప్రకారం ఆ పిల్ల ముందు మాట్లాడొద్దు. దగ్గొద్దు, పేరు పెట్టొద్దు. పాలసీసా పట్టేటప్పుడు కూడ పుట్టమన్ను రాసిన పాత గొంగడి కప్పుకోవాలె, మొఖం కనపడొద్దు. "పేరు పెడితే పిలవబుద్ధి అయితది" అనేటోడు. పొద్దుగాల పాలు పట్టి, షెడ్డు కడిగి, తర్వాత పిల్లను తీసుకొని అడివిలకు నడక. మధ్యాన్నం దాక నోరు మూసుకొని నడవాలె, అన్నీ సైగలే. చాచా చెయ్యి ఎత్తితే ఆగాలె, దించితే కూసోవాలె. నా అసొంటి వాగుడుకాయకు అది గుడ్డెలుగు కంటె పెద్ద కష్టం. బీడీ కూడ ఆయన పిల్లను విడిచిపెట్టేదాక మానేసిండు, వాసన తగిలితే మనిషి వాసన అలవాటైతదని. ఒకసారి ఎవరో పెద్దమనిషి చూడనీకి వచ్చి పిల్లకు బిస్కెట్ చూపిస్తే, చాచా ఆ ప్యాకెట్ గుంజుకొని ఆయన ముందటనే మొత్తం తానే తినేసిండు. షుగర్ ఉన్న మనిషి.

పిల్ల ముందు గొంగడి కప్పుకొని నాలుగు కాళ్ల మీద పాకేటోడు. అది ఎగిరి ఆయన వీపు మీదికి ఎక్కేది. గట్లనే చెదల పుట్టల కాడికి తీసుకపోయి, చేతులతోటి తవ్వి, మూతి పెట్టి ఊదినట్టు, పీల్చినట్టు చేసి చూపేటోడు. పాము ఉంటదేమోనని నేను పది అడుగుల దూరంల నిలబడి దండం పెట్టుకుంటుంటి. ఒకరోజు పిల్ల కూడ మూతి పెట్టి, సర్రుమని పీల్చి, చెదలు తిన్నది. చాచా నా దిక్కు తిరిగిండు. మీసాల నిండ మన్ను, కండ్లల్ల నీళ్లు. మాట్లాడొద్దు గనక ఇద్దరం ఊకనే చూసుకున్నం.

వానలు మొదలైనంక నా ఖర్మ కాలింది. వాగు దాటొచ్చునో లేదో చూడనీకి చాచా ముందుకు పోయిండు. నేను, పిల్ల పుట్ట కాడ ఉన్నం. పొదలు కదిలినయి. పెద్ద మొగ గుడ్డెలుగు. అది రెండు కాళ్ల మీద లేచి నిలబడ్డది. అసొంటివి పిల్లలను సంపుతయని నాకు ఎరుకే. భయపడు గని ఉరకకు అని చాచా రోజూ చెప్పేటోడు. ఉరకలె, కాళ్లు ఆడితే గద ఉరికేది. గని నోరు ఆగలె. "బుడ్డీ, రాయే, రాయే నా తల్లీ" అని గుండె పగిలేటట్టు అరిచిన. నా కడుపుల దానికి ఎప్పుడో పేరు పెట్టుకున్న, అది అట్ల బయటపడ్డది. మనిషి గొంతు వినంగనే మొగది మెడ తిప్పుకొని పొదల్లకు పోయింది. పిల్ల ఉరికొచ్చి నా వీపు మీదికి ఎక్కి జాకెట్టు చినిగేటట్టు పట్టుకున్నది. నా గొంతు దాని ప్రాణం కాపాడింది. అదే దాని ప్రాణం మీదికి తెచ్చింది.

చాచా వచ్చి అడిగితే, పెద్దది దానంతట అదే పోయింది అని అబద్ధం చెప్పిన. అంతటితో ఆగినా బాగుండు. ఆగలె. పాలు పట్టేటప్పుడు గొంగడి లోపటి నుంచి గుసగుస పెట్టుడు షురూ చేసిన. బుడ్డీ తిన్నవా, బుడ్డీ భయమైందా అని. నిజానికి భయం పోవాల్సింది నాది. దానితోటి మాట్లాడితే నా గుండె నిమ్మళపడేది.

ఒకరోజు షెడ్డు బయట మా అమ్మతోటి ఫోన్ మాట్లాడుతున్న. లోపట పిల్ల జాలీకి మొఖం ఆనించి, నా దిక్కే చూసుకుంట గుయ్ గుయ్ అంటున్నది. చాచా కిటికీ రేకు సరిచేస్తున్నడు. చేతులు ఆగినయి. ఎన్ని దినాల సంది అని ఒక్క మాట అడిగిండు. ఏడ్సుకుంట మొత్తం చెప్పిన. తిట్టలె. తిట్టినా బాగుండు. చేతుల రేకు కింద పెట్టి, "ఇప్పపూలకు పోయే ఆడోళ్లు ఎందుకు గట్టిగ మాట్లాడుకుంట పోతరు?" అని అడిగిండు.

నాకు తెల్వదా. మా అమ్మ చెయ్యి పట్టుకొని నేర్పింది. తునికాకుకు పోయినా, ఇప్పపూలకు పోయినా ఊకనే ఉండొద్దు, లొల్లి చేసుకుంట పోవాలె. దూరం నుంచే విని గుడ్డెలుగు తొలిగిపోతది. చప్పుడు లేకుండ ఎదురుపడితేనే మీద పడతది. మా అడివి ఊళ్ల ఆడోళ్లకు ఉన్న కత్తి, కవచం ఆ మాటలే. నేను పెంచిన పిల్ల మాట వింటే తొలిగిపోదు, దగ్గరికి వస్తది.

"అది ప్రేమతోనే వస్తది బిడ్డా. దాని గోర్లకు ప్రేమ తెల్వదు" అన్నడు చాచా.

పెద్ద సార్‌కు చెప్తే జూకు పంపుతరు, బతికినన్ని రోజులు బోనుల ఉంటది. లేకుంటే చేసినదానివి నువ్వే చెరపాలె అన్నడు. చెరుపుత అన్న. ఏం చెయ్యాల్నో అప్పటికి తెల్వదు. పిల్ల నా గొంతు విని దగ్గరికి వచ్చినప్పుడల్ల నేనే దాన్ని బెదిరించాలె, అదీ పని. రెండు రోజులు నాతోని కాలె. గొంతు పీలగ వచ్చేది, పిల్ల ఆట అనుకొని ఎగిరేది. నువ్వే డబ్బా కొట్టి బెదిరియ్యి చాచా అని కాళ్లు పట్టుకున్న. "నేను కొడితే డబ్బాకు భయపడతది. అది మనిషి గొంతుకు భయపడాలె" అని పక్కకు జరిగిండు.

మూడో రోజు, ముందు బుడ్డీ అని పిలిచిన. వచ్చింది. కాళ్ల కాడికి రానిచ్చి, నాకు వచ్చిన తిట్లన్నీ తిట్టుకుంట, కట్టెతోటి నేలను బాదుకుంట మీది మీదికి పోయిన. అది ఎల్లెలకల పడి, ఉచ్చ పోసుకొని, మూలకు పాకి, కాలు నోట్లె పెట్టుకున్నది. షెడ్డు ఎనకకు పోయి కక్కుకున్న. చాచా చెంబుల నీళ్లు తెచ్చిండు. తల్లి గుడ్డెలుగు కూడ పిల్ల పెద్దగైనంక ఒకరోజు తరిమేస్తది, ఆ పని నీకు పడ్డది అన్నడు. నెలల తరబడి గట్లనే తరిమినం. ఆఖరికి దూరంల నా గొంతు వినంగనే చెట్టు ఎక్కుడు మొదలువెట్టింది. మర్సటేడు వానలు ఎల్లినంక దాన్ని లోపటి అడివిల విడిచిపెట్టినం. బోను తలుపు లేపంగనే ఎనకకు చూడకుండ పోయింది. సార్లు చప్పట్లు కొట్టిండ్రు. నాకు మాత్రం అది నిజంగ నా గొంతు అలవాటు మరిసిందా లేదా అన్న భయం ఆ రోజు సంది పట్టుకున్నది.

ఆ భయం చాచాకు కూడ ఉండె. చెప్పలె, చేసిండు. వరుసగ రెండేండ్లు ఇప్పపూల కాలంల తెల్లారకముందే మా తండాకు వచ్చి, ఆడోళ్లకు రెండు కేకల దూరంల ముందు ఒక్కడే నడిచిండు. మోకాళ్లు నొచ్చే మనిషి. నోటికి ఏదొస్తె అది గట్టిగ మాట్లాడుకుంట పోయేటోడు. మోకాలును తిట్టేటోడు, గరాటకు రేకు ఎట్ల మలవాల్నో చెట్లకు చెప్పేటోడు. ఎనక ఆడోళ్లు చాచాకు చాదస్తం ముదిరింది అని నవ్వేటోళ్లు. నేను నవ్వలేకపోయేదాన్ని. నువ్వెందుకు చాచా, నేను పోత గద అంటే, "వస్తే ముందు నా దగ్గరికి రానీ. నాది అయిపోయిన వయసు" అన్నడు. నా దగ్గర అంత ధైర్యం లేకుండె, సరే అని ఎనకనే నడిచిన. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత.

ఆఖరుసారి దవాఖానాల చూసిన. మూతికి గాలి మాస్కు. దాన్ని పక్కకు జరిపి, ఇప్ప మొగ్గ పట్టిందా అని అడిగిండు. పట్టింది అన్న. కండ్లు మూసుకున్నడు.

చాచాను మట్టిల పెట్టినంక తండాకు వచ్చి, ముందు మా వదినకు, తర్వాత పూలకు పోయే ఆడోళ్లందరికి, దాని పేరు తప్ప మొత్తం చెప్పిన. వదిన, "రెండేండ్లు మా పిల్లలు కూడ వచ్చిండ్రు గదనే" అన్నది. తల దించుకున్న. ఈ ఏడు ముందు నేను నడుస్త అన్న. అవ్, నువ్వే నడువు, మాకు వినపడేటట్టు మాట్లాడు అన్నది వదిన. దాంట్ల జాలి లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు.

మసక ఎలుతురుల బయలెల్లినం. గట్టిగ మాట్లాడుకుంట నడుస్తున్న. ఏం మాట్లాడిన్నో గుర్తు లేదు, చెమటకు చీర ఒంటికి అతుక్కున్నది మాత్రం గుర్తున్నది. వాగు మలుపు తిరగంగనే మాటల నడుమ దమ్ము తీసుకోనీకి ఆగిన. ఎదురుంగ ఇప్ప చెట్టు కింద అది ఉన్నది. విడిచిపెట్టే ముందు గుర్తుకు చెవి కొస కత్తిరించినం, ఆ చెవి కనపడ్డది. ఎంత పెద్దగైందో. రెండు కాళ్ల మీద లేచి ముక్కు ఎత్తి వాసన చూస్తున్నది. ఎదురుగాలికి నా మాటలు దానికి అందలేదో, అంది కూడ ఆగిందో తెల్వదు. ఎనక ఆడోళ్ల మాటలు దగ్గరవుతున్నయి. నా దగ్గర రెండే మాటలు ఉన్నయి. దాని పేరు నోటి దాక వచ్చింది. ఈ లోకంల ఆ పేరు తెలిసిన ఇంకో మనిషి మట్టిల ఉన్నడు. ఒక్కసారి పిలిచి చూడాలని ఎంత అనిపించిందో చెప్పలేను.

"పోవే! పో!" అని అరిచిన.

దబ్బున కిందికి దిగి, పొదలు విరుగుతుండంగ, రాళ్లు దొర్లుతుండంగ, వాగు ఒడ్డు దిగి అవతలి గుట్ట మీదికి ఉరికింది. నా గొంతుకు అంత భయపడ్డది. నేను నేల మీద కూలబడి, చాచా, భయపడ్డది చాచా అని ఏడ్సిన.

ఆడోళ్లు వచ్చిండ్రు. చెట్టు కింద అది నిలబడ్డ చోట, నోట్లె నుంచి జారిన ఇప్పపూలు సగం నమిలినవి సొంగతోటి కుప్పగ పడి ఉన్నయి. వదిన వాటిని చూసింది, నన్ను చూసింది, గంప పక్కకు జరుపుకొని చుట్టూ రాలిన పూలు ఏరుడు మొదలుపెట్టింది. ఆ గుప్పెడు మాత్రం ఎవ్వరూ ముట్టలె. మేము తిరిగి వచ్చేటప్పుడు కూడ అవి అక్కడనే, ఎండల తడి ఆరుకుంట ఉన్నయి.