డేవిడ్ స్టూడియో వెనక గది

శంషాబాద్‌లో బెంగళూరు రోడ్డు మీద వెళ్ళేవాళ్ళకు డేవిడ్ స్టూడియో ముందు గది కనిపించేది. నీలం తెర, గుండ్రటి స్టూలు, గోడకు అద్దం, అద్దం కింద దువ్వెన, పౌడరు డబ్బా. ఆ గదిలో డేవిడ్ రాజు ఉండేవాడు. వెనక గది రోడ్డుకు కనిపించేది కాదు. అందులో అతని భార్య డోర్కాస్ ఉండేది.

వెనక గదికి ఒకటే కిటికీ. దానికి నల్లగుడ్డ కొట్టి, సందుల్లో తడి కాగితం కూరారు. లోపల ఎర్ర బల్బు. చెక్క బల్ల మీద బొమ్మను పెద్దది చేసి కాగితం మీద పడేసే ఎన్‌లార్జరు, పక్కన మూడు ట్రేలు. మొదటిదాంట్లో డెవలపరు, రెండోదాంట్లో మంచినీళ్ళు, మూడోదాంట్లో బొమ్మను నిలిపే హైపో. ఎన్‌లార్జరు వెలుగు సోకిన కాగితాన్ని డెవలపరులో వేసి ట్రేను మెల్లగా ఊపితే, ముందు జుట్టు వచ్చేది. తర్వాత కనుబొమలు, కంటిపాపలు, గడ్డం కింద నీడ. బుగ్గలు అన్నిటికన్నా ఆఖరున వచ్చేవి, రావడానికి సిగ్గుపడుతున్నట్టు. ఎన్నిసార్లు చూసినా ఆ ఘడియలో డోర్కాస్ ఊపిరి బిగబట్టేది.

పెళ్ళైన కొత్తలో డేవిడే ఆమెకు ఆ పని నేర్పాడు. ప్రేమతో కాదు, అవసరంతో. డెవలపరు అతని ఒంటికి పడేది కాదు. వేళ్ళ సందులు పగిలి నెత్తురు కారేది. డోర్కాస్ చేతులకు ఏమీ కాలేదు, గోళ్ళు మాత్రం నల్లబడ్డాయి. చర్చిలో ఆడవాళ్ళు అడిగితే, "అరటికాయలు కోసిన, గిట్లయినయ్" అనేది. అట్లా అనమని నేర్పింది కూడా డేవిడే.

"ఇంట్ల ఆడమనిషి ఫోటోలు కడుగుతదంటే గిరాకి ఎవడొస్తడే? నేనే కడుగుత అని చెప్తున్న. నువ్వు కడిగితే ఏంది, నేను కడిగితే ఏంది. ఒక్కటే గద" అన్నాడతను. పద్దెనిమిదేళ్ళ పిల్లకు ఆ మాట తియ్యగానే అనిపించింది. ఒక్కటే గదా అనుకుంది.

నేర్చుకునే రోజుల్లో ఒకసారి ఆమె ఒక ఫోటోను హైపోలో వెయ్యడం మరచిపోయింది. కడిగి, పెరట్లో దండెం మీద ఆరేసింది. ఎండ సోకగానే పెళ్ళికూతురి తెల్లచీర మీద మబ్బు కమ్మడం మొదలైంది. సాయంత్రానికి బూడిదరంగు మాపులో మనిషి మునిగిపోయింది. ఆ రోజు డేవిడ్ అరవలేదు. తన తల్లి యేసమ్మను కూడా పిలిచి చూపించి నవ్వాడు. "హైపోల వెయ్యని ఫోటో ఎండ చూస్తే చచ్చిపోతది. బతికించేది డెవలపరు గాదు, హైపో. యాదుంచుకో." డోర్కాస్ యాదుంచుకుంది. యేసమ్మ కూడా ముక్కు మీద వేలేసుకుని విన్నది.

వాళ్ళకు పిల్లలు కలగలేదు. ఆ మందునీళ్ళ వాసనే కారణమని యేసమ్మ గట్టిగా నమ్మేది. నమ్మినా కోడలిని వెనక గదికి పోవద్దని ఏనాడూ అనలేదు.

డేవిడ్ స్టూడియోకు పేరు తెచ్చింది బతికున్నవాళ్ళ ఫోటోలు కావు. ఆ చుట్టుపక్కల పల్లెల్లో ముసలివాళ్ళు ఒక్క ఫోటో అయినా దిగకుండానే కన్నుమూసేవాళ్ళు. సమాధి చేసే ముందు, శవపెట్టె చుట్టూ ఇంటిల్లిపాదీ నిలబడి ఫోటో దిగేవాళ్ళు. అదే మొదటిది, అదే చివరిది. తర్వాత ఆ ముఖం ఒక్కటే పెద్దది చేసి గోడకు పెట్టుకోవాలనుకునేవాళ్ళు. అయితే మూసిన కళ్ళను గోడకు ఎట్లా పెట్టుకుంటారు? అందుకే ముఖం మాత్రం అచ్చువేసి, పూలనూ పెట్టెనూ చీకట్లో కలిపేసి, మూసిన రెప్పల మీద సన్నటి కుంచెతో కళ్ళు తెరవాలి. పోయినవాళ్ళ కళ్ళు ఇంట్లో ఎవరో ఒకరికి వచ్చి ఉంటాయి. కొడుక్కో, చెల్లెలికో. "మీ పెద్దోన్ని ఒకసారి తోలియ్యి" అని డేవిడ్ కబురు పెట్టేవాడు. ఆ మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి కబుర్లు చెప్పేవాడు. తలుపు సందులోంచి డోర్కాస్ ఆ కళ్ళను చూసి, మనసులో పట్టుకుని వెనక గదికి పోయేది.

ఐలయ్య తల్లి ఫోటో అట్లా వచ్చిందే. అది చూసి అరవయ్యేళ్ళ ఐలయ్య స్టూడియో మెట్ల మీదే కూలబడి ఏడ్చాడు. "మా అవ్వ నన్ను కోపంగ చూసినట్టే ఉందన్నా. నీ చెయ్యికి మొక్కాలె" అని డేవిడ్ రెండు చేతులూ కళ్ళకద్దుకున్నాడు. డేవిడ్ ఆ చేతులను వెనక్కి తీసుకోలేదు. తలుపు సందులో డోర్కాస్ నల్లటి గోళ్ళను చీరచెంగులో చుట్టుకుంది.

ఆ మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ అడిగింది. "ఒక్కరికన్న చెప్పరాదూ?"

"ఏమని?"

"నేను కడుగుతున్ననని. ఐలయ్యకే చెప్పు. పొద్దుగాల ఏడ్సిండు గద."

డేవిడ్ ముద్ద నములుతూ నవ్వాడు. "చెప్త తియ్యి. కొత్త బోర్డు రాయించేటప్పుడు నీ పేరు గూడ పెట్టిస్త. సరేనా?"

ఆ మాటను ఆమె చాలాకాలం దాచుకుంది, ఎప్పుడు విప్పినా వెచ్చగా ఉండే మూటలా.

రెండువేల ఎనిమిదిలో ఊరి పక్కన కొత్త విమానాశ్రయం తెరిచారు, విమానాలు మొదలయ్యాయి. రన్‌వే కోసం ఖాళీ చేసిన ఊళ్ళవాళ్ళు అంతకుముందే గోడల మీది ఫోటోలను గుడ్డల్లో చుట్టుకుని కొత్త ఇళ్ళకు మోసుకెళ్ళారు. అద్దం పగిలినవీ చెదలు పట్టినవీ స్టూడియోకు వచ్చాయి. డోర్కాస్ దాచిన నెగెటివులు తీసి వాటన్నిటినీ మళ్ళీ కడిగింది. ఊళ్ళు పోయినా మనుషులు ఆమె ట్రేలో తేలారు. పైన విమానం వెళ్ళినప్పుడల్లా గోడలు సన్నగా వణికేవి. ఎన్‌లార్జరు వణికేది. కాగితం మీది ముఖం అలుక్కుపోయేది. అందుకని ఆమె విమానాల మధ్య నిశ్శబ్దం కోసం కాచుకుని వెలుగు వేసేది. ఆ ఎర్రటి మసకలో గడియారం ముల్లు కనిపించేది కాదు. లెక్క కోసం పరలోక ప్రార్థన సగం దాకా చదివి స్విచ్చి తీసేసేది. చర్చిలో అదే ప్రార్థన వచ్చినప్పుడు, సగంలో ఆమె వేళ్ళు వాటంతటవే కదిలేవి. పాస్టరుగారు దాన్ని భక్తి అనుకున్నారు.

రెండేళ్ళకు డేవిడ్ డిజిటల్ కెమెరా, కంప్యూటరు కొన్నాడు. కొత్త బోర్డు కూడా వచ్చింది. నిచ్చెన మీద మనిషి దాన్ని బిగిస్తుంటే డోర్కాస్ రోడ్డు అవతలికి పోయి నిలబడి చూసింది. "డేవిడ్ డిజిటల్" అని ఉంది. కింద సెల్ నంబరు. ఇంకేమీ లేదు.

నలుపూ తెలుపూ కావాలనే ముసలివాళ్ళు అప్పుడొకరూ ఇప్పుడొకరూ వచ్చేవాళ్ళు. ఫోటోలు కడిగే కాగితం కోఠీ బజారులో కూడా దొరకడం మానేసింది. అడుగున మిగిలిన కాగితాల పెట్టెను డోర్కాస్ నల్ల కవరులో చుట్టి, బియ్యం డబ్బా వెనక చల్లటి చోట దాచింది.

రెండువేల పన్నెండు ఎండాకాలంలో, ఒక పెళ్ళిలో కెమెరా మెడలో ఉండగానే డేవిడ్ రాజు కుప్పకూలాడు. దవాఖానకు తీసుకుపోయేలోగా ప్రాణం పోయింది.

అందరినీ ఫోటో తీసినవాడికి గోడకు పెట్టే ఫోటో ఒక్కటీ లేదని అప్పుడు తెలిసింది. కంప్యూటరు నిండా పరాయి పెళ్ళిళ్ళే. తెల్లవారుజామున, జనం రాకముందు, డోర్కాస్ బీరువా మీది పాత కెమెరా దింపింది. అందులో సగం వాడిన రీలు ఇంకా ఉంది. పెట్టె మీదికి వంగి అతని ముఖం తీసింది. మూలన కూర్చున్న యేసమ్మ చూసింది.

జ్ఞాపకార్థ కూడిక దగ్గరపడ్డప్పుడు బుద్వేల్ నుంచి మరిది యెషయా వచ్చాడు. "వదినా, ఫ్లెక్సీ కొట్టిస్తా. వెనక మబ్బులు, పావురం, మంచిగుంటది. కండ్లు వాళ్ళే పెడ్తరు."

"ఎవరివి?"

"ఎవరివో ఒకరివి. కంప్యూటర్ల ఉంటయ్."

"వద్దు" అంది డోర్కాస్.

మర్నాడు ఆమె అత్తగారిని గుమ్మం వెలుగులో స్టూలు మీద కూర్చోబెట్టింది. డేవిడ్‌వి తల్లి కళ్ళు. కొంచెం గోధుమరంగు, బయటి కొసలు కిందికి వాలి ఉంటాయి. ఏళ్ళ తరబడి దాన్ని మూసుకుని కుడికంటితో కెమెరాలోంచి చూడటం వల్ల అతని ఎడమ కన్ను కాస్త చిన్నదైంది. అది మాత్రం యేసమ్మ దగ్గర లేదు. అది డోర్కాస్‌కే తెలుసు.

"ఎంతసేపు చూస్తవే? దిష్టి తగుల్తది" అంది యేసమ్మ.

"జర అటు తిరుగత్తమ్మా. ఆఁ, గట్లనే."

"మంచిగ తియ్యి బిడ్డా. వాడు నన్ను చూస్తున్నట్టుండాలె" అంది ముసలామె, చెంగుతో ముక్కు తుడుచుకుంటూ. ఆమె కోడలిని బిడ్డా అనడం అదే మొదటిసారి.

ఆ పగలంతా డోర్కాస్ వెనక గదిలో ఉంది. విమానం వెళ్ళిపోయేదాకా ఆగి, ప్రార్థన సగం చదివి, కాగితాన్ని డెవలపరులోకి జార్చింది. జుట్టు వచ్చింది. కనుబొమలు వచ్చాయి. మూసిన రెప్పలు వచ్చాయి. నీళ్ళ కింద అతను ఆమె చేతుల్లోనే ఉన్నాడు, ఏమీ దాటవెయ్యకుండా, నవ్వెయ్యకుండా. హైపోలో వేసి, కడిగి, ఆరబెట్టి, మరుసటి రోజు కుంచె పట్టుకుంది. తన బతుకులో అంత మంచిగా ఏ కళ్ళనూ తెరవలేదు. చిన్నదైన ఎడమ కన్ను దగ్గర చెయ్యి కాసేపు ఆగింది. తర్వాత దాన్నీ ఉన్నదున్నట్టే తెరిచింది.

కూడిక రోజున తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద ఆ ఫోటో పెట్టారు. ఐలయ్య దాని ముందు చేతులు కట్టుకుని నిలబడిపోయాడు.

"మనల్నే చూస్తుండు గద. ఎప్పుడు కడిగి పెట్టుకున్నడో అన్న" అన్నాడు. "ఇసొంటి పని ఇంకెవరికొస్తది? తన ఫోటో తనే కడుక్కుని పోయిండు."

ఆ మాట వాకిట్లో చేతులు మారుతూ వెళ్ళింది. ముందుచూపు అన్నారు ఒకరు. తెలిసిపోయిందేమో పాపం అన్నారు ఇంకొకరు. పాస్టరుగారు ప్రసంగంలో కూడా అదే అన్నారు, యాత్రకు ముందే దీపం సిద్ధం చేసుకున్న మనిషి అని. జనం కళ్ళు తుడుచుకున్నారు.

ఆడవాళ్ళ మధ్య నుంచి డోర్కాస్ లేచింది. "అది నేను కడిగిన" అంది. "పెట్టెల ఉన్నప్పుడు తీసిన. కండ్లు నేను తెరిచిన. ఐలయ్యన్నా, మీ అవ్వవి గూడ నేనే తెరిచిన. అన్నీ నేనే."

యెషయా గబగబా వచ్చి భుజం పట్టుకున్నాడు. "వదినా, జర కూసో. మంచినీళ్ళు తాగు."

ఐలయ్య ఇబ్బందిగా అటూ ఇటూ చూశాడు. చివరికి మంచం మీద కూర్చున్న యేసమ్మ వైపు తిరిగాడు. "పెద్దమ్మా, ఏమంటది అక్క? నిజమేనా?"

అందరూ అటే చూశారు. డోర్కాస్ కూడా చూసింది. లోకంలో ఆ సంగతి తెలిసిన ఒకే ఒక్క మనిషి. మొన్ననే గుమ్మం వెలుగులో కళ్ళు అప్పిచ్చిన మనిషి.

యేసమ్మ ఫోటో వైపు చూసింది. కోడలి వైపు చూడలేదు.

"నా కొడుకు చెయ్యి నాకు తెల్వదా? వాడిదే" అంది. "దుఃఖంల ఏదో ఒకటి అంటది. ఏమనకున్రి."

అందరూ జాలిపడ్డారు. ఒకామె డోర్కాస్ వీపు నిమిరింది. యెషయా ముందు గదిలోంచి రబ్బరు స్టాంపు తెచ్చి ఫోటో వెనక గట్టిగా అద్దాడు. డేవిడ్ స్టూడియో, శంషాబాద్. తర్వాత దాన్ని చర్చి గోడకు పెడతామని పాస్టరుగారు తీసుకువెళ్ళారు.

వారం గడిచాక యేసమ్మ మంచం మీద నుంచి అడిగింది. "చర్చిది చర్చికి పాయె. నాకొకటి కావాలె. ఈ కిటికెదురుంగ పెట్టు. పొద్దుగాల లేవంగనే వాడి మొకం చూస్త."

పొద్దుటి ఎండ నేరుగా పడే గోడ అది.

"సరే అత్తమ్మా" అంది డోర్కాస్.

నల్ల కవరులో ఆఖరి కాగితం ఉంది. విమానం వెళ్ళిపోయేదాకా ఆగింది, ప్రార్థన సగం చదివింది. జుట్టు, కనుబొమలు, రెప్పలు, అన్నీ వేళకు వచ్చాయి. నీళ్ళలో ముంచి తీసింది. మూడో ట్రే ముందు ఫోటోను పట్టుకుని నిలబడింది. తడి కాగితం కొస నుంచి చుక్కలు హైపోలోకి రాలుతున్నాయి. చుక్కలు ఆగేదాకా నిలబడింది. తర్వాత ఫోటోను దానిలో వెయ్యకుండానే ఎర్రటి చీకట్లో ఆరేసింది. ఆరాక, ఎర్ర బల్బు కిందే కూర్చుని, మొదటిసారి తెరిచినంత శ్రద్ధగా కళ్ళు తెరిచింది. ఫ్రేములో బిగించి, గుడ్డలో చుట్టి తెచ్చి గోడకు పెట్టింది.

యేసమ్మ రెండు చేతులూ జోడించింది. "నన్నే చూస్తుండు" అంది.

మొదటి రోజు ఎండకు డేవిడ్ రాజు తెల్లచొక్కా కాలరు మాసింది. తర్వాత బుగ్గల మీదికి బూడిద వచ్చింది. నుదురు ఊదారంగులోకి తిరిగింది. ముఖం వెనకాల ఎక్కడో పొద్దు గుంకుతున్నట్టు, ఒక్కో రోజూ ఒక్కో వెలుగు ఆరిపోతూ వచ్చింది. కుంచెతో పెట్టిన తెల్లరంగు మాత్రం మారలేదు. చీకటి పడుతున్న ముఖంలో రెండు కళ్ళు, ఒకటి చిన్నదిగా, ముసలామెనే చూస్తూ ఉండిపోయాయి.

యేసమ్మ ముందు తన చూపే పోతోందనుకుంది. కళ్ళు నులుముకుంది, కళ్ళలో చుక్కలు వేయించుకుంది. ఒక ఉదయం గోడ పట్టుకుని లేచి, ఫ్రేము దగ్గరికి ముఖం పెట్టి చాలాసేపు చూసింది. పైన విమానం వెళ్ళింది. ఫ్రేము గోడ మీద సన్నగా టకటకమంది. ఆ చప్పుడు ఆగాక ఆమె వెనక్కి తిరిగింది. ఇంట్లో ఇంకెవరూ లేరు. వీధి తలుపు కూడా వేసే ఉంది.

"నువ్వు హైపోల వెయ్యలేదా?" అంది మెల్లగా.

డోర్కాస్ చాటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు. నల్లటి గోళ్ళతో ఒక రాయి పట్టుకుని పక్కన పెట్టింది.

"నీ కొడుకే గద కడిగింది, అత్తమ్మా" అంది. "నాకేం ఎరుక."