మంచం పెద్దదనే మాట

కోడుమూరు చుట్టుపక్కల బోరు మోటారు కాలిపోతే హనుమేష్ షాపుకు తేవాల్సిందే. మూడోనాటికల్లా తీగ మార్చి, వార్నీషు పూసి, మళ్ళీ నీళ్ళు పోసేటట్టు చేసి పంపుతాడు. పనిలో అంత గట్టివాడు. మాటలో మాత్రం అంతంతే. రాగితీగ చుట్టేటప్పుడు చుట్ల లెక్క తప్పుతుందని మాట్లాడడు. చుట్టడం అయిపోయినాక ఇంక మాట్లాడేదేముందని మాట్లాడడు.

పెండ్లిచూపులప్పుడు, "పిల్లను ఏమన్నా అడుగప్పా" అని పెద్దలు బతిమాలినారు. హనుమేష్ శానాసేపు ఆలోచించి, "మీ బోరు ఎన్నడుగులు?" అని అడిగినాడు. పెద్దలు తలలు దించుకున్నారు. పెండ్లికూతురు శివకుమారి ఒక్కతే నవ్వింది.

ఆమె కర్నూలులో నర్సు. పెండ్లయిన ఏడాదిన్నరకు జర్మనీలో ముసలివాళ్ళను చూసుకునే ఆశ్రమంలో ఉద్యోగమొచ్చి పోయింది. ఇప్పటికి రెండేండ్లు దాటింది. మొగుడు కూడా వచ్చి ఉండొచ్చు, కాకుంటే జర్మన్ భాషలో మొదటి మెట్టు పరీక్ష పాసు కావాలన్నారు. హనుమేష్ బెంగుళూరు పోయి రాసినాడు. చదివేది, రాసేది, వినేది ఎట్లనో గట్టెక్కించినాడు. మాట్లాడే పరీక్ష దగ్గర, "మీ గురించి చెప్పండి" అన్నారు. పేరు చెప్పినాడు, ఊరు చెప్పినాడు. ఆ తర్వాత పైన తిరిగే ఫ్యానులో బేరింగు పోయినట్టుందే అని వింటూ కూర్చున్నాడు. ఫెయిల్.

అప్పుడు శివకుమారే ఒక టీచరును కుదిర్చింది. పేరు రెనాటె. శివకుమారి ఉండే గది మీది అంతస్తులో ఉంటుంది. డెబ్బై దాటిన మనిషి, బడిలో చెప్పి రిటైరయింది. వారానికి నాలుగు రోజులు, మధ్యాహ్నం మూడు గంటలకు, ఫోన్లో వీడియో పాఠం. ఆమెకు తెలుగు రాదు, ఇతనికి ఇంగ్లీషు అరకొర. అందుకని ఆమె వస్తువులు చూపించి నేర్పేది. ఖాళీ కప్పు బోర్లించి "లేర్" అనేది. నిండుగా కాఫీ పోసి "ఫోల్" అనేది. ఫోను పట్టుకొని ఇల్లంతా తిరిగి కిటికీ, కుర్చీ, పొయ్యి, కడాకు తన మంచం కూడా చూపించి "బెట్" అనింది. ఆ రోజు హనుమేష్ సిగ్గుతో పక్కకు తిరుక్కున్నాడు.

పాఠమంతా పడసాలలోనే. రాతిగోడల ఇంట్లో సిగ్నలు పడసాల కిటికీ దగ్గర తప్ప ఇంకెక్కడా నిలబడదు. మోటార్ల హోరులో పదిహేనేండ్లుండి హనుమేష్‌కు ఎడమచెవి మందగించింది, అందుకని స్పీకరు పెట్టాల్సిందే. కిటికీ కింద వాళ్ళమ్మ సుంకమ్మ విత్తనానికి సెనక్కాయలు వొలుచుకుంటా ఉండేది.

"ఆయమ్మ గొంతేందిరా, కంకర మిషను తిరిగినట్టుండాది," అనేది.

"ఊరికే ఉండు మా, ఆమెకు ఇనపడతాది."

"ఇనపడితే మాత్రం, ఆయమ్మకు నా మాట యాడ తెలుస్తాది?"

అది నిజమే అనుకున్నాడు హనుమేష్. మన భాష వాళ్ళకు రాదు, వాళ్ళ భాష మనవాళ్ళకు రాదు. పాపం, ఆ నమ్మకంతోనే తర్వాతి కథంతా నడిచింది.

శివకుమారితో మాటలు ఆదివారం సాయంత్రం. ఆమెకు సెలవు దొరికేది ఆ పూటే. ఫోను మొదట అత్తకు, తర్వాత బావకు, తోడికోడలికి, వాళ్ళ పిల్లలకు, కాళ్ళ నొప్పులకు మందు అడగను వచ్చిన ఇరుగుపొరుగుకు, అందరి చేతులూ తిరిగి చివరకు మొగునికి చేరేది. ఇంతమంది మధ్యలో పెండ్లాంతో ఏం మాట్లాడతాడు?

"తిన్యావా?"

"ఆ, తిన్యా. నువ్వు?"

"ఆ. ఏం కూర?"

కూర చెప్పేలోపల ఎవరో ఒకరు ఫోను గుంజుకునేవాళ్ళు. ఒకసారి ధైర్యం చేసి, సిగ్నలు వెతుక్కుంటూ మిద్దె మీదికి పోయినాడు. పక్క మిద్దె మీద మిరపకాయలు ఎండబోస్తున్న కంబన్న చూసి, "ఏమప్పా హనుమేషూ, కట్టుకున్న పెండ్లాంతో దొంగగా మాట్లాడతాండావా?" అన్నాడు. ఆ మాట సంతదాకా పోయింది. హనుమేష్ మళ్ళీ మిద్దె ఎక్కలేదు. మెసేజీలు పెట్టొచ్చు కదా అంటారేమో, పెట్టేవాడు. పొద్దున ఒక గులాబీ పువ్వు, సాయంత్రం ఒక దీపం బొమ్మ. బాగుచేసిన మోటారు ఫోటో కూడా ఒకసారి.

రెండో పరీక్షకు రెండు నెలలుండగా రెనాటె ఒక చిట్కా చెప్పింది: ఆదివారం నీ భార్యతో జర్మన్‌లోనే మాట్లాడు, తప్పులొస్తే రానీ.

ఆ ఆదివారం ఫోను చేతికొచ్చింది. చుట్టూ పదిమంది. హనుమేష్ గొంతు సవరించుకొని, తనకు వచ్చిన నాలుగు ముక్కలు కూడబెట్టి అన్నాడు. "దస్ హౌస్ ఇస్ట్ లేర్." ఇల్లు ఖాళీగా ఉంది.

అవతల శివకుమారి ఫోను ముఖానికి దగ్గరగా తెచ్చుకుంది. పిల్లలు మాత్రం కిచకిచ నవ్వినారు. ఎవరికీ అర్థం కాలేదని చూసుకొని హనుమేష్ ఇంకో అడుగు వేసినాడు. "దస్ బెట్ ఇస్ట్ గ్రోస్." మంచం పెద్దది.

ఫోన్లో ఆమె కొంగుతో ముఖం ఒత్తుకుంది. "హియర్ ఆవుహ్," అనింది. ఇక్కడ కూడా.

ఇంక చూసుకోండి. తెలుగులో మూడేండ్లలో అనని మాటలు రెండు నెలల్లో అన్నాడు. నీ దిండు పారేయలేదు. వాన పడితే నువ్వు గుర్తొస్తావు. నీ గొంతు వినాలని ఆదివారం కోసం చూస్తా. వ్యాకరణం అంతా చెల్లాచెదరు. ఇంటినిండా జనం ఉండగానే, వాళ్ళ కండ్ల ముందరే, మొగుడూ పెండ్లాలు కాపురం చేసినంత మాట్లాడుకున్నారు. "మావాడు ఎంత శ్రద్ధగా చదువుతాండాడో," అని వదిన మెచ్చుకుంది కూడా.

పరీక్ష రేపనగా, బెంగుళూరు బస్సుకు సంచి సర్దుకుంటున్నాడు హనుమేష్. సుంకమ్మ సెనక్కాయల చాట పక్కన పెట్టి అడిగింది.

"ఒరే, ఆ మంచం అంత పెద్దదైతే వడ్రంగిని పిలిచి కోయించేదా?"

హనుమేష్ చేతిలో మడత పెట్టిన చొక్కా అట్లే జారిపోయింది.

"ఏం మంచం మా?"

"బెట్టు. గ్రోసు." సుంకమ్మ ఒక గింజ నోట్లో వేసుకుంది. "ఆయమ్మ ఆరు నెలలు కప్పులు, మంచాలు చూపిచ్చి చూపిచ్చి చెప్పె. నీకు రావాల్సింది నాకూ వచ్చె. నేనేం చెవిటిదాన్నా, నీ మాదిరి?"

భూమి చీలి బోరుగుంట పడితే బాగుండుననుకున్నాడు. అన్ని ఆదివారాలూ, అన్ని మాటలూ ఒక్కొక్కటే గుర్తొస్తుంటే, కిందపడిన చొక్కా సంచిలో కుక్కి, వంగి జిప్పు లాగుతూ కూర్చున్నాడు. ఆ జిప్పు ఎప్పుడో మూసుకుపోయింది.

"సిగ్గెందుకురా," అనింది సుంకమ్మ, ఈసారి మెల్లగా. "మీ నాయన ఎర్రగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీలో తొమ్మిదేండ్లు చేసినాడు. నెలకొకసారి వచ్చేటోడు. ఇంటినిండా మా అత్త, ఆడబిడ్డలు. తిన్యావా అంటే తిన్యా అనేది. అంతే. నాకూ మంచం పెద్దదే ఉండె. చెప్పేకి ఇట్లాంటి బాస ఒకటుందని నాకు ఎవరు చెప్పినారు?"

చాట మళ్ళీ దగ్గరికి లాక్కుంది. "పో, బస్సు పోతాది."

బెంగుళూరులో, "మీ కుటుంబం గురించి చెప్పండి" అని అడిగినారు. హనుమేష్ ఈసారి ఫ్యాను వైపు చూడలేదు. కన్నతల్లి ముందరే బయటపడినాక, ముక్కూ మొహం తెలియని ఈ ఇద్దరి ముందర సిగ్గేముంది? మా అమ్మ సెనక్కాయలు వొలుస్తుంది, ఆమెకు నాకంటే జర్మన్ బాగా వచ్చు అన్నాడు. నా భార్య దూరంగా ఉంది, ఇల్లు ఖాళీ, మంచం పెద్దది అన్నాడు. పరీక్ష పెట్టే ఇద్దరిలో ఒకామె రాస్తున్న పెన్ను ఆపి, అతన్ని ఒకసారి చూసి మళ్ళీ రాసుకుంది. అరవై ఎనిమిది మార్కులు. పాస్.

పాసయితే పోయినట్టేనా? వీసాకు కాగితాలు పెట్టి నాలుగు నెలలయింది. ఇంకా పిలుపు రాలేదు. కర్నూలులో కొన్న ఉన్ని స్వెటరును పట్టపగలు వేసుకొని చూసుకొని, చెమటలు కారి, మళ్ళీ పెట్టెలో పెట్టినాడు. ఫోను మోగినప్పుడల్లా చేతిలో తీగ వదిలేసి లేస్తాడు. మోటార్లలో చుట్ల లెక్క తప్పుతోందని ఊర్లో గొణుగుతున్నారు.

ఆదివారాలు మాత్రం మారినాయి. ఫోను రాగానే సుంకమ్మ అందరినీ లేపుతుంది. "పిల్లప్పుడు గూడ ఇంతమంది గుమిగూడలేదు వాని చుట్టూ. లేయండి, బయట వొలిచేకి కాయలు పడుండాయి." తానూ చాట తీసుకొని బయట కిటికీ కింది కట్టమీద కూర్చుంటుంది.

పోయిన ఆదివారం అట్లే పడసాల ఖాళీ అయింది. హనుమేష్ ఒక్కడే, ఎదురుగా ఫోన్లో శివకుమారి. ఇప్పుడు ఏ భాషలోనైనా, ఏమైనా అనొచ్చు. శానాసేపు చూసి, "తిన్యావా?" అన్నాడు.

ఆమె నవ్వింది. బోరు ఎన్నడుగులని అడిగినప్పటి నవ్వే.

"తిన్యాలే," అనింది. "ఇంకేమన్నా చెప్పు."

హనుమేష్ నోరు తెరిచినాడు. బయట కాయలు వొలిచే చప్పుడు ఆగిపోయింది. అతను కిటికీ వైపు చూసి నోరు మూసుకున్నాడు.

"చెప్పురా," అనింది బయటినుంచి సుంకమ్మ. "నాకేం ఇనపడదు."