కలల కింద ఎర్ర బటన్

కౌలాలంపూర్‌లో హోటల్ గదులు బుక్ చేసే ఒక కంపెనీలో వర్ణనలు రాసేదాన్ని. నేను ఎన్నడూ చూడని సముద్రతీరాల గురించీ, పడుకోని పరుపుల గురించీ ఇంగ్లీషులోనూ మలయ్‌లోనూ ఊరించేలా రాయడం నా పని. ఒకరోజు ఆ పని ఇక కంప్యూటరే చేసుకుంటుందని చెప్పి మా జట్టు మొత్తాన్ని ఇంటికి పంపేశారు. నేను మా ఊరు తెలుక్ ఇంటాన్‌లో అమ్మానాన్నల దగ్గరికి వచ్చేశాను. కొన్నాళ్లే కదా అనుకున్నాను.

మాది వరస ఇళ్లలో ఒకటి. ముందు ఇనుప గ్రిల్, చిన్న వరండా, లోపల రెండు గదులు. నా గది కిటికీ తెరిస్తే పక్కింటి గోడ చేతికి అందుతుంది. ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టుకుంటూ ఆ గోడనే చూస్తూ కూర్చునేదాన్ని. "ఇంటర్వ్యూ పిలుపు వచ్చిందా?" అని అమ్మ అడగదు. అడక్కుండా కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్లిపోతుంది. అడిగితేనే నయమనిపించేది.

నాన్న పామాయిల్ గెలల లారీ నడిపి రిటైరయ్యాడు. ఆయనకు ఉన్న ఒకే ఒక్క వ్యసనం నాలుగంకెల నంబరు లాటరీ. సర్కారు లైసెన్సు ఉన్న కొట్టులో వారం వారం ఒక టికెట్ కొంటాడు. అంకెలు మాత్రం కలల్లోంచి రావాలి. పొద్దున్నే కాఫీ దగ్గర ఆ పంచాయితీ మొదలయ్యేది.

"రాత్రి కల్లో మా లారీ ఏట్లో తేల్తన్నాది గుంటా. నానెక్కి కూకున్నాను. ఒక్క సుక్క నీరు నోపలికి రానేదు. ఏటి నంబరు పెట్టమంతావు?"

వంటింట్లోంచి అమ్మ అందుకునేది. "నీళ్లు కల్లోకొస్తే సుట్టాలొస్తారని మీ అమ్మ సెప్పేది. నంబరొస్తాదని సెప్పినాదేటి?"

"సుట్టాలొచ్చినా నంబరొచ్చినా మంచిదే లా!" మాట చివర "లా" అనడం ఇక్కడి మలయ్ అలవాటు.

నాన్న వాళ్లమ్మ, అంటే మా నాయనమ్మ, రబ్బరు తోటలోనే పుట్టి, పాలు గీసి, తోటలోనే ముసలిదైంది. కూలీల లైన్ ఇళ్లలో ఎవరికి పీడకల వచ్చినా తెల్లారగానే ఆమె గుమ్మం ముందుకొచ్చేవాళ్లట. పళ్లు రాలితే ఏమిటి, పాము తరిమితే ఏమిటి, చచ్చిపోయినవాళ్లు అన్నం అడిగితే ఏమిటి, అన్నిటికీ ఆమె దగ్గర ఒక మాట ఉండేది. ఆ మాటలన్నీ నాన్నకు కంఠతా వచ్చు. నాన్న చెప్పగా చెప్పగా నాకూ వచ్చేశాయి.

మా నాన్నలాంటివాళ్లు ఈ దేశంలో వీధికొకరు. కలొచ్చిందంటే ఫోన్ తీసి దాని అర్థమేమిటో, దానికి ఏ నంబరో వెతుకుతారు. ఒకరోజు ఏమీ తోచక నేనూ వెతికి చూశాను. దొరికినవన్నీ అతుకుల బొంతలు. ఇంతకంటే బాగా రాయగలనన్న పొగరు వచ్చింది నాకు. పని పోయినవాళ్లకు పొగరు ఒక్కటే మిగులుతుంది, దాన్ని ఎక్కడో ఒకచోట ఖర్చు పెట్టాలి. చౌకగా ఒక వెబ్‌సైట్ పేరు కొని, మలయ్‌లోనూ తమిళంలోనూ నాయనమ్మ అర్థాలు ఒక్కొక్కటే రాసిపెట్టాను. కల ఏమిటి, అర్థమేమిటి, అడుగున నాలుగంకెలు. అంకెలు నేను కల్పించినవి. అందరూ వెతికేవి అవే కనక, అవి లేకపోతే ఎవరూ రారు.

జనం వచ్చారు. రోజు రోజుకీ పెరిగారు. సముద్రతీరాలకు రాని పాఠకులు పాము కలకు వచ్చారు.

తర్వాత మేనేజర్ వచ్చింది. ఇంటర్నెట్‌లో జూదం ఆడించే కంపెనీ తరఫున మాట్లాడుతున్నానని చాట్‌లో పలకరించింది. ఆమె ఏ దేశంలో ఉందో నాకు ఇప్పటికీ తెలియదు. అసలు ఆడమనిషో కాదో కూడా తెలియదు. ఫొటోలో మాత్రం నవ్వుతున్న ఆడమనిషి. ప్రతి కల కింద మా బటన్ ఒకటి పెట్టండి డియర్, అంది. దాన్ని నొక్కి మా దగ్గరికి వచ్చి ఆడినవాళ్లు పోగొట్టుకున్నదాంట్లో మీకు వాటా.

"వాళ్లు గెలిస్తే?" అని అడిగాను.

"ఆ నెల మీ వాటా తగ్గుతుంది. కంగారు పడకండి. గెలిచి లేచి వెళ్లిపోయేవాళ్లు చాలా తక్కువ."

నంబరు కొట్టుకు లైసెన్సుంది, ఈ ఆటలకు లేదు. మా దేశంలో అవి చట్టవిరుద్ధమని నాకు తెలుసు. అయినా నేను ఆడించడం లేదుగా, దారి చూపిస్తున్నానంతే, అని నాకు నేనే చెప్పుకున్నాను. ఎర్ర బటన్ పెట్టాను.

మొదటి వాటా చేతికందిన రోజు అమ్మతో ఇంటి నుంచే చేసే రాతపని దొరికిందన్నాను. అబద్ధమేం కాదు. అమ్మ ముఖం విప్పారింది. ఆ సాయంత్రం బజారుకెళ్లి నాకిష్టమని పెద్ద చేప తెచ్చింది. ఆ చేప తింటూ, ఇవాళ ఎవరో బాగా ఓడిపోయి ఉంటారు అనుకున్నాను. ఆ ఆలోచన ఒకసారి వచ్చాక మరి పోలేదు. పొద్దున్నే కంప్యూటర్ తెరిస్తే నా వాటా కనిపించేది. అది పెరిగితే సంతోషం, తగ్గితే దిగులు. తగ్గిందంటే ఎక్కడో ఎవరో గెలిచారన్నమాట. ముక్కూ ముఖం తెలియని మనిషి గెలిచినందుకు నేను పొద్దున్నే చిరాకు పడేదాన్ని.

ఏ కల గురించి ఎక్కువమంది వెతుకుతున్నారో చూసి ఆ కల గురించే రాయమనేది మేనేజర్. ఎక్కువమంది వెతికేవి చావు కలలు. చనిపోయిన తల్లి, చనిపోయిన భర్త, నీళ్లలో పడ్డ బిడ్డ. అవి రాసేటప్పుడు కిటికీ మూసేసుకునేదాన్ని, పక్కింటి గోడ నన్నే చూస్తున్నట్టుగా.

కొంతకాలానికి సైట్ తెరుచుకోవడం మానేసింది. సర్కారు అడ్డుకట్ట వేసింది. పోలీసులు ఇంటికొస్తారేమోనని గ్రిల్ చప్పుడైతే ఉలిక్కిపడేదాన్ని. మేనేజర్ మాత్రం తొణకలేదు. "ఇది మామూలే డియర్. సైట్‌ని మా సర్వర్‌లో పెట్టుకుంటాం. వేరే పేరు మేమే కొంటాం. మీరు హాయిగా రాసుకోండి." సైట్ తాళాలన్నీ, పాస్‌వర్డ్‌తో సహా, ఆమెకిచ్చేశాను. పైగా థాంక్స్ కూడా చెప్పాను.

ఒక ఉదయం నాన్న ఫోన్ పట్టుకుని నా గదిలోకి వచ్చాడు. ఆయన తమిళ బళ్లో చదువుకున్నవాడు. కళ్లజోడు సర్దుకుని, తమిళంలో ఉన్నదాన్ని మన మాటలోకి మార్చుకుంటూ గట్టిగా చదివాడు. "సచ్చిపోనోలు అన్నం అడిగితే బయపడకు. నీకు ఆకలేస్తందని గుర్తు సేస్తన్నారు." నావైపు చూశాడు. "ఇది మా అమ్మ మాట. ఇంకెవులికీ తెల్దు. నువ్వేనా రాసినావు?"

తలూపాను. తిడతాడనుకున్నాను. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"మా అమ్మ సంతకం పెట్టడం కూడా ఎరగదు. దాని మాట దేశమంతా సదవతంది!"

ఆ గర్వానికి అడ్డుపడటం నా వల్ల కాలేదు. ఎర్ర బటన్ సంగతి ఆయన పట్టించుకోలేదు. అలాంటివి ప్రతి పేజీలో ఉంటాయనుకున్నాడు. మర్నాటి నుంచి కాఫీ కొట్టులో తన స్నేహితులందరికీ చెప్పుకున్నాడు. వాళ్లు వరండాలోకి రావడం మొదలుపెట్టారు. ఒకాయన కల్లో ఏనుగు, ఇంకొకాయన కల్లో కూలిపోయిన ఇల్లు. నాన్న వాళ్లకు కుర్చీలు వేసి, "గుంటా, బయటికి రా లా," అని పిలిచేవాడు. నేను వెళ్లి, కల విని, అర్థం చెప్పేదాన్ని. నాలుగంకెలు చెప్పేవరకు ఎవరూ లేచేవాళ్లు కాదు. కౌలాలంపూర్‌లో ఏదైనా ఉద్యోగం చూసుకుని పారిపోదామంటే, ఇంటి నుంచే ఇంత బాగా జరుగుతుంటే ఎందుకెళ్తావని ఇద్దరూ అడుగుతారు. ఏం చెప్పను?

అలా వచ్చినవాళ్లలో ఒకావిడ ఉంది. మా వెనక వీధిలోనే ఉంటుంది, బడి క్యాంటీన్‌లో వంట చేస్తుంది. తెలుగావిడే. నేను ఆమెను పిన్ని అంటాను. ఆమె భర్త ఏటిలో చేపలకెళ్లి తిరిగి రాలేదు. మిగతావాళ్లంతా వెళ్లేవరకూ ఆగి, నాన్న లోపలికెళ్లాక మెల్లగా అడిగింది.

"కల్లో మీ బాబాయి గ్రిల్ బయట నిలబడతన్నాడమ్మా. సొక్కా తడిసిపోయుంతాది. రమ్మంతే రాడు. ఊరికే సూస్తాడు. ఏటి సెప్తన్నాడు?"

ఈ కల నాకు తెలుసు. నాయనమ్మ దీనికి చెప్పిన మాటే నేనూ చెప్పాను. "నిన్ను పిలవడానికి రాలేదు పిన్నీ. బాగున్నావో లేదో చూసి పోవడానికి వచ్చాడు."

"అది ఫోన్లో సదివినాను లా. నంబరు కూడా ఉన్నాది కదా. అదే ఆడతన్నాను, ఆ ఎర్రది నొక్కి. మొదట్లో ఒకసారొచ్చినాది. మరి రానేదు." కాసేపు ఆగింది. "ఆయన సరిగ్గానే సెప్తన్నాడు, నాకే అర్థం కావట్నేదనుకుంతన్నాను. నువ్వు రాసినదానివి. నానెక్కడ తప్పు సూస్తన్నానో సెప్పు."

ఆమె చేతులకు మసాలా వాసన వస్తోంది. ఎప్పుడూ ఉండే బంగారు గాజులు లేవు. ఏదో గొణిగాను. ఆడటం ఆపెయ్యి పిన్నీ అన్నాననుకుంటాను. ఆమె నావైపు, తన దగ్గర ఏదో దాచిపెట్టిన మనిషిని చూసినట్టు చూసి వెళ్లిపోయింది.

లోపలికెళ్లి మేనేజర్‌కు రాశాను. సైట్ మూసేయండి, నాకొద్దు.

"అలసిపోయారు డియర్. విశ్రాంతి తీసుకోండి. మా టీమ్ రాస్తుంది."

"అది నా సైట్."

"పేరు మాది, సర్వర్ మాది. మీ రాతలకు ప్రతిఫలం ఇచ్చాం కదా."

తర్వాత నా పాస్‌వర్డ్ పనిచేయలేదు. రెండు వారాలు తిరక్కముందే నేను రాయని కలలు అందులో కనిపించాయి. కంప్యూటర్ రాసిన కలలని చదవగానే పోల్చుకున్నాను. హోటల్ గదుల భాష నాకు తెలియనిది కాదు. వాటి మధ్యలో నాయనమ్మ మాటలు అలాగే ఉన్నాయి. పోలీసులకు చెబుదామంటే ఏమని చెప్పాలి? చట్టం ఒప్పుకోని పనిలో నన్ను మోసం చేశారనా?

నాన్నకు చెప్పక తప్పలేదు. మధ్యాహ్నం భోజనమయ్యాక చెప్పాను. ఎర్ర బటన్ ఏమిటో, నా వాటా ఎక్కడినుంచి వచ్చేదో, పిన్ని ఏమందో, అన్నీ. అమ్మ గిన్నెలు తీస్తూ తీస్తూ ఆగిపోయింది. నాన్న కంచంలో చెయ్యి కడుక్కున్నాడు.

"మా అమ్మ ఎవులికీ నంబరు సెప్పనేదు," అన్నాడు. "నంబరు ఎతికినోడిని నానే. పద."

ఇద్దరం వెనక వీధికి వెళ్లాం. పిన్ని గుమ్మంలోనే నిలబడి విన్నది. నాన్నే మాట్లాడాడు. ఆ అంకెలు ఉత్తివని, కూతురు కల్పించిందని, బాబాయి వాటిని పంపలేదని చెప్పాడు. ఫోన్లోంచి దాన్ని తీసేయమ్మా, అన్నాడు.

ఆమె ఫోన్‌ను గట్టిగా పట్టుకుంది.

"మీకేటి, అన్నా! మీ ఇంట్లో ముగ్గురున్నారు. నంబరు పెట్టిన రాత్రే ఆయనొస్తాడు. పెట్టకపోతే రాడు. దీన్ని తీసేసి నానేటి సెయ్యాలి?"

ఆమె గ్రిల్‌ను దగ్గరికి లాక్కుంది, ఆయన వస్తాడనేమో తాళం మాత్రం వేయలేదు. మేం ఇంటికి తిరిగి రాగానే నాన్న వరండాలో వేసి ఉన్న కుర్చీలన్నీ తీసి ఒకదాని మీద ఒకటి పేర్చి లోపల పెట్టేశాడు.

ఇప్పుడు నేను ఒక ట్యూషన్ సెంటర్‌లో పనిచేస్తున్నాను. ప్రశ్నపత్రాలు టైపు చేస్తాను, పిల్లల తల్లిదండ్రుల ఫోన్లకు జవాబిస్తాను. జీతం తక్కువ. ఎవరో ఓడిపోతే వచ్చేది కాదు. సైట్ ఇంకా ఉంది, పేరు మళ్లీ మారింది. పళ్లు రాలిన కల అని వెతికితే మొదట అదే వస్తుంది. దాన్ని తీయించడానికి తెలిసినవాళ్లందరినీ అడిగి చూశాను. కొందరు నవ్వారు, కొందరు జాలిపడ్డారు. ఒకాయన, అంతమంది వస్తున్నారంటే మంచి సైటే కదా, అన్నాడు.

పోయిన వారం పని నుంచి వస్తూ బస్టాండ్‌లో పిన్నిని చూశాను. బెంచీ మీద కూర్చుని ఫోన్ చూస్తోంది. నేను పక్కన కూర్చున్నాను. తలెత్తి చూసింది. కోపం లేదు, పలకరింపూ లేదు. మళ్లీ ఫోన్లోకి వంగింది. ఆ ఆట వెలుతురు ఆమె ముఖం మీద ఎర్రగా వెలిగి ఆరుతోంది. వాన మొదలైంది. ఆమె ఎక్కాల్సిన బస్సు వచ్చి నిలబడింది, తలుపులు తెరుచుకున్నాయి. ఆమె చూడలేదు.

"పిన్నీ, బస్సొచ్చింది," అన్నాను.

"ఉండమ్మా," అంది, "ఒక్క నిమిషం."

డ్రైవర్ కొంచెంసేపు చూసి తలుపు వేసేశాడు.